ఒకే కోడికూత, పదిమంది గొంతులు
(ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

పెద్దలకు, మాస్టార్లకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని రాసుకున్నారు. ఆ కష్టంలోంచే 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. తాను రాసుకున్న మాట ఎవరి నోటినుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఇవాళ కంప్యూటర్లకు మన భాష నేర్పుతున్నవాళ్లలో చాలామందికి ఆ ఒక్క సంగతే తెలియడం లేదు.

మీలో కొందరు ఫోన్లో వాక్యాలు చదివి, రికార్డ్ చేసి పంపి డబ్బు తీసుకుంటున్నారు. మాటను గుర్తుపట్టే కంప్యూటర్ ప్రోగ్రాములకు, అంటే మోడళ్లకు, అదే మేత. మంచి పనే. కానీ గంటకింత, మనిషికింత అని లెక్కగట్టి డబ్బిచ్చేచోట లేని మనుషుల గొంతులూ వచ్చి పడతాయి. అలాంటి రికార్డింగులను సరిచూడటం నా పని.

ఒకసారి రాయగడ, గుణుపురం, కాశీనగరం పేర్లతో ఒక కట్ట ఫైళ్లు వచ్చాయి. పేర్లు వేరు, వయసులు వేరు. వింటే ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు అందరూ ఉన్నారు. మూడో సెకనులో వెనక ఒక కోడి కూసింది, తర్వాత బకెట్ కింద పెట్టిన చప్పుడు. ఇంకో ఊరి ఫైల్ తెరిస్తే అదే మూడో సెకను, అదే కోడి, అదే బకెట్. గొంతులన్నీ యంత్రం పుట్టించినవి. సహజంగా ఉండాలని వెనక ఒకే పల్లెటూరి చప్పుడు అన్నిటికీ కలిపేశారు. గొంతును మాత్రమే వింటే ఎవరికీ అనుమానం రాదు. అందుకే నేను ముందు వెనక చప్పుడు వింటాను.

ఆనవాళ్లు ఇంకా ఉంటాయి. మామూలు గదిలో మనిషి ఆగినప్పుడు కూడా ఊపిరో, ఫ్యాన్ చప్పుడో ఏదో ఒకటి పడుతుంది. మాటకీ మాటకీ మధ్య చప్పుడు విలువ అచ్చంగా సున్నా అయితే ఆగి చూడాలి. చప్పుడు తగ్గించే యాప్ వాడినా అలా రావచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. సెకనుకు 16 వేల శాంపిళ్ల రికార్డింగ్ (అంటే సెకనుకు అన్నిసార్లు చప్పుడును కొలిచింది) అని రాసి ఉండి, 4 వేల హెర్ట్జ్ పైన ఉండే సన్నటి చప్పుళ్లు ఏమీ లేకపోతే అది ఎక్కడో 8 వేల శాంపిళ్ల ఫైల్‌ని సాగదీసి పెట్టింది అయ్యుండొచ్చు. వయసుల పట్టిక కూడా చాలా చెబుతుంది. మన పల్లెల్లో పెద్దవాళ్లను వయసు అడిగితే నలభై, నలభై అయిదు, యాభై అంటారు. జనాభా లెక్కల వాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు, సున్నా, అయిదుల దగ్గర పోగు పడుతుంది. పెద్దవాళ్ల వయసులు 43, 57, 61, 68 అంటూ నీటుగా, సమానంగా పరుచుకుని ఉంటే, ఆ పట్టిక కుర్చీలో కూర్చుని నింపిందేమో అని నాకు అనుమానం.

ఈ బాధ మన ఒక్కళ్లదే కాదు. స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో వేల వ్యాసాలు ఆ భాష సరిగా రాని ఒక అమెరికా కుర్రాడు రాసినవని 2020లో బయటపడింది. ఇంగ్లిషు వాక్యాల్లో మాటలు మార్చుకుంటూ పోయాడు. ఏళ్ల తరబడి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే చదివి ‘ఇది మా భాష కాదు’ అనేవాళ్లు అటు అంతగా చూడలేదు. ఇక కావాలని చేసే మోసానికి పెద్ద మోతాదు అక్కర్లేదు. 1300 కోట్ల పారామీటర్లున్న (లోపలి అంకెలున్న) పెద్ద మోడల్‌లో కూడా, నేర్పే పాఠాల్లో కావాలని కలిపిన 250 విషపు పత్రాలతో, ఒక రహస్య సంకేతం వినగానే తప్పుగా నడిచే దొంగదారి పెట్టవచ్చని 2025లో పరిశోధకులు చూపించారు. ఇలాంటివాటిని సగటు లెక్కలతో పట్టలేం.

అసలు నా ఆవేదన ఇక్కడుంది. నకిలీని ఏరడానికి చాలాచోట్ల ఏం చేస్తారు? ముందే ఉన్న మోడల్‌కి రికార్డింగ్ వినిపిస్తారు. దానికి అర్థమైతే ఉంచుతారు, కాకపోతే చెత్త అని తీసేస్తారు. ఆ మోడల్ పేపర్ భాష, టీవీ భాష విని పెరిగింది. ‘బేగి రాయే, ఏటి సేస్తన్నావ్’ అంటూ మధ్యలో రెండు ఒడియా మాటలు వేసే మన అమ్మమ్మ దాని లెక్కలో పనికిరాదు. యంత్రం పుట్టించిన గొంతు మాత్రం పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. అసలును పారేసి నకిలీని దాచుకునే జల్లెడ ఇది. ఈ సరిహద్దులో పనిచేసేవాళ్లు దీన్ని ఒప్పుకోకూడదు.

మోసం ఎందుకు పుడుతోందో కూడా చూడాలి. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివినవాళ్లు ఎందరో. స్క్రీన్ మీద తెలుగు వాక్యం పెట్టి చదవమంటే వాళ్లు చదవలేరు. ఫైళ్లు సేకరించే కుర్రాడికి టార్గెట్ టెన్షన్. వాళ్ల బదులు తనే చదివేస్తాడు, లేదా యాప్‌తో చదివిస్తాడు. ఆ కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. వాక్యం బదులు బొమ్మ చూపించండి. ‘సంతకి ఎలా వెళ్తారు?’ అని అడగండి, మాట్లాడనివ్వండి. దొంగ ఫైళ్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

మిగిలినవాటికి మూలం కావాలి. ఫోన్లో పడిన అసలు ఫైల్‌ని చప్పుడు తీసేయకుండా అలాగే ఉంచాలి. ఎవరు, ఏ ఊళ్లో, ఎప్పుడు అన్నది మాట్లాడినవాళ్ల ఒప్పుదలతో రాసి, బయటికి పోకుండా దాచాలి. కొన్ని ఫైళ్లు ఏరి ఆ మనిషికి మళ్లీ ఫోన్ చేసి మాట్లాడాలి. ప్రతి ఊరికీ ఆ ఊరి మాట తెలిసిన ఒక చెవి ఉండాలి, ఆ చెవికీ డబ్బివ్వాలి. ‘తెలుగు కాదు’ అని మోడల్ కొట్టేసిన ప్రతి ఫైలూ, పారేసే ముందు, ఆ చెవి దగ్గరికి రావాలి.

సభ అయ్యాక ల్యాప్‌టాప్ తెరుస్తాను. అసలు ఫైళ్లు, నకిలీవి పక్కపక్కనే వినిపిస్తాను. ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్లు ముందుకు రండి.