పర్సీ పిగ్ రివ్యూ: ఏ ప్యాకెట్ కొనాలి, ఏది వదిలేయొచ్చు

అందరికీ నమస్కారమండి. ఇవాళ టేబుల్ మీద ఉన్నది పర్సీ పిగ్. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే దుకాణాల కంపెనీ వాళ్లు 1992 నుంచి అమ్ముతున్న, పంది ముఖం ఆకారంలో ఉండే గమ్మీ, అంటే నమిలే జెల్లీ మిఠాయి. లండన్ నుంచి చుట్టాలొస్తే సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య ఈ గులాబీ ప్యాకెట్ మీలో చాలామంది చూసే ఉంటారు.

అందరూ మొదట అడిగేది, శాకాహారులు తినొచ్చా అని. ఇప్పటి ప్యాకెట్ అయితే తినొచ్చు. ఒకప్పుడు మామూలు పర్సీలో పంది జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు పదార్థం) ఉండేది, శాకాహారులకు ఆకుపచ్చ చెవులతో వేరే ప్యాకెట్ వచ్చేది. 2019లో అసలు పర్సీలోనే జెలటిన్ తీసేశారు. పాలు, తేనె లాంటివి కూడా ముట్టని వీగన్లు మాత్రం లేబుల్‌లో తేనెమైనం ఉందేమో చూసుకోండి.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ముఖం లేత గులాబీ, చెవులు ముదురు గులాబీ. వేళ్ల మధ్య పెట్టి లాగితే కాస్త సాగి, పుటుక్కున తెగుతుంది. జెలటిన్ గమ్మీ అయితే రబ్బరులా సాగి వెనక్కి లాక్కుంటుంది, నోటి వేడికి కరిగిపోతుంది. జెలటిన్ లేనిది అలా కరగదు, నమలాల్సిందే. పాత పర్సీ అలవాటున్న వాళ్లు "రుచి మారింది" అంటారు కదా, ఎక్కువగా మారింది ఆ నమిలే తీరే. రుచిలో ముందు తగిలేది రాస్‌ప్‌బెర్రీ, పులుపు తక్కువ.

ప్యాకెట్ మీద "పండ్ల రసంతో చేసింది" అన్న మాట కనిపించినా పిల్లలకి ధీమాగా ఇచ్చేయకండి. లేబుల్‌లో ఏది బరువులో ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. ఇందులో ముందు వరసలో ఉన్నవి గ్లూకోజ్ సిరప్, చక్కెర. 2020లో బ్రిటన్ ఆహార విధానంపై హెన్రీ డింబుల్‌బీ ఇచ్చిన నివేదిక సరిగ్గా ఈ విషయంలోనే పర్సీని తప్పుపట్టింది. ఆ విమర్శ న్యాయమే.

ఇక పర్సీ కుటుంబం, అంటే ఇదే పేరుతో వచ్చే మిగతా రకాలు. ఫిజ్జీ పిగ్ టెయిల్స్ తప్పక కొనండి: తోక ఆకారం, పైన పుల్లటి చక్కెర. అసలు దాంట్లో లేని పులుపు ఇక్కడ దొరుకుతుంది. పర్సీ అండ్ పాల్స్‌లో ఆవు, గొర్రె కూడా ఉంటాయి, పిల్లలకి సరదా. ఐస్‌క్రీమ్, కేకుల్లాంటివి నా లెక్కలో వదిలేయొచ్చు. పర్సీ గొప్పదనమంతా నమలడంలోనే ఉంది, అది పోతే మిగిలేది గులాబీ రంగు తీపే.

ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్లకి ఒక మాట. ఇది తయారయ్యేది జర్మనీలో. బ్రిటన్‌కి వచ్చి, ఏ మార్పూ లేకుండా మళ్లీ ఐర్లండ్‌కి వెళ్తే, బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) తర్వాత సుంకం పడే పరిస్థితి వచ్చింది. 2021 జనవరిలో అప్పటి మార్క్స్ అండ్ స్పెన్సర్ అధిపతి స్టీవ్ రో ఈ చిక్కు వివరించడానికి పర్సీనే ఉదాహరణగా చెప్పారు.

ఇండియాకి తెచ్చేవాళ్లు ప్యాకెట్‌ని ఎండలో ఆపిన కారులో వదలొద్దు, మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వైజాగ్, చెన్నై లాంటి చోట్ల విప్పిన ప్యాకెట్ తేమ పీల్చుకుని జిగురుగా అవుతుంది, అందుకే గాలి చొరని డబ్బాలో పోయండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతాయి. పెట్టక తప్పదంటే, బయటికి తీశాక డబ్బా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకండి. చల్లగా ఉండగానే తీస్తే గాలిలోని తేమ గమ్మీల మీద నీటిచుక్కలై, పైపూత చెడిపోతుంది.