సంఘం ఎత్తబడటం: పౌలు ఆ మాట ఎవరికి రాశాడు?

అందరికీ వందనాలు. విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను.

యేసు వచ్చి నమ్మినవాళ్లను ఆకాశంలోకి తీసుకుపోతాడు, మిగతావాళ్లు ఇక్కడే ఉండిపోతారు అని చెప్పే రోజుకు, అంటే సంఘం ఎత్తబడే రోజుకు, మళ్లీ తేదీలు మొదలయ్యాయి. 2025 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా నుంచి ఒకాయన చెప్పిన తేదీ మన ఫోన్లలో ఎలా తిరిగిందో చూశారు కదా. 23 వెళ్లింది, 24 వెళ్లింది. ఆ వీడియో నాకు పంపినవాళ్లలో ఒక్కరు కూడా "అది తప్పు" అని మళ్లీ మెసేజ్ పెట్టలేదు. ఇప్పుడు ఇంకో తేదీ తిరుగుతోంది.

గాజువాక నుంచి ఒక అక్క రాశారు. వాళ్లబ్బాయి రెండో తరగతి. బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఆవిడ పాలప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లారు, అంతే. పిల్లాడు మెట్ల మీద కూర్చుని, "అమ్మ ఎత్తబడిపోయింది, నన్ను వదిలేశారు" అని వెక్కివెక్కి ఏడ్చాడట. వాడికేం చెప్పాలి బ్రదర్ అని అడిగారు. ఈ వీడియో ఆవిడ కోసం, ఆవిడలాంటి వాళ్లందరి కోసం.

ముందే ఒక మాట. క్రీస్తు తిరిగి వస్తాడని నేను నమ్ముతాను. చనిపోయినవాళ్లు లేస్తారని నమ్ముతాను. నాకు బాధ కలిగించేది ఎత్తబడటం గురించిన వాక్యాన్ని తీసుకెళ్లి పిల్లల్ని బెదిరించడం. యేసు ఎవరికీ తెలియకుండా వచ్చి తనవాళ్లను తీసుకుపోయే రహస్య రాకడ, ఆ తర్వాత భూమి మీద ఏడేళ్ల శ్రమలు, అప్పుడు దేవునికి ఎదురు నిలిచే అంత్యక్రీస్తు, ఇవన్నీ మీరు ఎన్నో సభల్లో విన్నవే, మళ్లీ మొదటి నుంచి చెప్పను. నేరుగా వాక్యంలోకి వెళ్దాం.

(తెర మీద: 1 థెస్సలొనీకయులకు 4:13–18)

ఈ పత్రిక, అంటే ఉత్తరం, అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక అనే పట్టణంలోని సంఘానికి రాసింది సుమారు క్రీ.శ. 50–51లో, కొరింథు నుంచి. థెస్సలొనీకలో సంఘం మొదలైన కొద్దికాలానికే అల్లరి జరిగి, పౌలు, ఆయనతో పనిచేసే సీల రాత్రికి రాత్రే ఊరు వదలాల్సి వచ్చింది. అపొస్తలుల కార్యములు 17లో ఉంది. ఆయన వెళ్లిపోయాక ఆ సంఘంలో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్లకు దుఃఖంతో పాటు ఒక దిగులు కూడా పట్టుకుంది. ప్రభువు వచ్చేటప్పటికి మనవాళ్లు సమాధిలో ఉంటారే, ఆ రోజు వాళ్లకు దక్కదా? వాళ్లు నష్టపోయినట్టేనా?

పౌలు జవాబు చెప్పింది ఆ దిగులుకే. తల్లిని పోగొట్టుకున్నవాళ్లకు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు రాసిన ఓదార్పు ఉత్తరం ఇది. 13వ వచనం దుఃఖపడవద్దని మొదలవుతుంది, 18వ వచనం ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకోమని ముగుస్తుంది. ఈ రెండింటి మధ్యే "మేఘములమీద కొనిపోబడుదుము" అనే మాట ఉంది. మనం మొదలూ చివరా వదిలేసి మధ్యలో మాటను మాత్రం మైకులో అరుస్తున్నాం.

ఇప్పుడు ఆ మధ్య మాట. ప్రభువును ఎదుర్కొనుటకు కొనిపోబడుదుము అని ఉంది. దీనికి నాకు మన ఎదురుకోలు కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

పెళ్లివాళ్లు అనకాపల్లి నుంచి బస్సులో వస్తున్నారు అనుకోండి. ఎన్‌ఏడీ కూడలి దాటారని ఫోన్ వచ్చింది. ఆడపెళ్లివారు ఏం చేస్తారు? మండపంలో కూర్చుని చూస్తూ ఉండరు. మేళంతో, పానకంతో, పన్నీటితో బయటికి నడిచి వెళ్తారు. పెళ్లికొడుకుని అక్కడ కలుసుకుని, దండ వేసి, ఊరేగింపుగా లోపలికి తీసుకొస్తారు. పూర్వం ఊరి పొలిమేర దాకా వెళ్లేవాళ్లు. పౌలు కాలంలో పట్టణాలకూ ఇదే మర్యాద. రాజుగాని, పెద్ద అధికారిగాని వస్తుంటే ఊరి పెద్దలు బయటికి వెళ్లి ఎదుర్కొని పట్టణంలోకి తీసుకొచ్చేవాళ్లు. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సంఘంవాళ్లు పౌలును కలవడానికి అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా నడిచి వచ్చారు. కలిశాక ఎటు వెళ్లారు? ఆయనతో కలిసి రోమాకే. మత్తయి 25లో పదిమంది కన్యకలు పెండ్లికుమారుణ్ని ఎదుర్కోవడానికి బయల్దేరారు. సిద్ధంగా ఉన్న అయిదుగురూ ఆయనతో కూడా పెళ్లివిందులోకి వెళ్లారు.

ఎదురుకోలుకు వెళ్లినవాళ్లు అదే బస్సెక్కి అనకాపల్లి వెళ్లిపోయి, మండపం ఏడేళ్లు ఖాళీగా వదిలేస్తారా? ఎవరూ అలా చెయ్యరు. పెళ్లి ఇక్కడ. వచ్చేవాడు ఇక్కడికే వస్తున్నాడు. అందుకే, ప్రభువు ఈ లోకానికి రాజుగా వస్తుంటే ఆయన మనుషులు ఎదురెళ్లి ఆయనతో కూడా వస్తారని ఈ వచనాన్ని అర్థం చేసుకునేవాళ్లు చాలామంది పండితులు. నా మనసు కూడా అటే.

మేళం సంగతి చూడండి. 16వ వచనంలో ఆర్భాటం ఉంది, ప్రధానదూత శబ్దం ఉంది, దేవుని బూర ఉంది. సన్నాయి, డోలు మోగుతుండగా జరిగే ఎదురుకోలు ఎవరికీ తెలియకుండా జరగదు. దీన్ని రహస్య రాకడ అని ఎలా అంటామో నాకు అర్థం కాదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఎదురుకోలులో ముందు ఎవరిని నడిపిస్తారు? ఇంటి పెద్దల్ని. కర్ర పట్టుకుని నడిచే మామ్మ ఉంటే, ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్తారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ముందు నమస్కరించేది ఆమెకే. క్రీస్తునందుండి మృతులైనవారు మొదట లేతురు అని పౌలు చెప్పింది అదే మర్యాద. మనకంటే ముందు వెళ్లిపోయినవాళ్లు వెనకబడరు, ముందు వరుసలో ఉంటారు. తర్వాత మనం, "వారితోకూడ ఏకముగా". భూస్థాపన దగ్గర పాస్టరుగారు ఈ భాగం చదివేది ఇందుకే. సమాధి దగ్గర అదే మాట విని ఊరట పొందుతాం. సాయంత్రం మహాసభలో అదే మాటకు పిల్లలు వణికిపోతారు. ఒకే వాక్యం ఇలా రెండు పనులు చేస్తుంటే, మనం వాడే తీరులోనే ఏదో తప్పుంది.

అక్కా, మీ అబ్బాయికి ఇదే చెప్పండి. ఈ ఆరు వచనాల్లో విడిపోవడం అనే మాటే లేదు. చనిపోయినవాళ్లనూ బ్రతికున్నవాళ్లనూ కలపడమే ఉంది. యేసు వచ్చే రోజు అమ్మా నువ్వూ చెయ్యి పట్టుకుని ఎదురెళ్తారని చెప్పండి.

అవతలివాళ్ల వాదన కూడా న్యాయంగా చెప్పాలి. యోహాను 14:3లో "నాయొద్ద నుండుటకు మిమ్మును తీసికొని పోవుదును" అని ప్రభువే అన్నాడు కదా, తండ్రి ఇంటికే కదా అంటారు. ప్రకటన 3:10లో శోధనకాలంలో కాపాడతాననే మాట చూపిస్తారు. ఇవి బలమైన వచనాలే. వీటిని బట్టి శ్రమలకు ముందే ఎత్తబడతామని నమ్మే దైవభక్తులు నా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ల భక్తిని నేను శంకించను. కానీ "బైబిలును నమ్మేవాళ్లందరూ మొదటి నుంచీ ఇదే నమ్మారు" అంటే మాత్రం ఒప్పుకోలేను. చరిత్ర అలా లేదు.

(తెర మీద: 1805 – 1830లు – 1909)

శ్రమలకు ముందు ఒక రాకడ, తర్వాత ఇంకొకటి అనే బోధకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది జాన్ నెల్సన్ డార్బీ. బ్రదరెన్ అనే క్రైస్తవ ఉద్యమ నాయకుల్లో ఒకడు, 1830లలో బోధించాడు. 1909లో స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిలు వచ్చింది. వచనం ఉన్న పేజీలోనే కింద వివరణ అచ్చువేశారు, దాంతో ఈ బోధ బాగా పాకింది. చదివేవాళ్లలో చాలామందికి ఏది వాక్యమో ఏది వివరణో తేడా తెలియకుండా పోయింది. మన గోదావరి డెల్టాకు బ్రదరెన్ మిషనరీలు 1836లోనే వచ్చారు కాబట్టి తెలుగు సంఘాలకు ఈ ఉద్యమంతో పరిచయం పాతదే. కానీ ఒక్కటి గమనించండి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నంలో దిగింది 1805లో. అప్పటికి డార్బీ నాలుగైదేళ్ల పిల్లాడు. మన ఊరికి సువార్త తెచ్చినవాళ్ల కాలానికి ఈ బోధ ఈ రూపంలో లేదు. కేథలిక్కులు, ఆర్థడాక్స్, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలు ఈ రోజుకీ దీన్ని తమ విశ్వాస ప్రమాణంగా పెట్టుకోలేదు. ప్రతి ఆదివారం చెప్పే ప్రమాణంలో సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వస్తాడు అని ఒక్క రాకడే ఉంటుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను.

మత్తయి 24:40, పొలంలో ఇద్దరుంటే ఒకడు తీసుకుపోబడతాడు, ఒకడు విడిచిపెట్టబడతాడు. దీన్నీ ఎత్తబడటం అంటారు. పైన 39వ వచనం చదవండి. నోవహు రోజుల్లో జలప్రళయం ఎవరిని కొట్టుకుపోయింది? చెడ్డవాళ్లను. విడిచిపెట్టబడింది నోవహు. కాబట్టి ఇక్కడ తీసుకుపోబడటం తీర్పు అయ్యే అవకాశమే ఎక్కువ.

భూకంపాలు, యుద్ధాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరిని ఊడ్చేసినప్పుడు కూడా అంతం వచ్చేసిందన్నారు. మత్తయి 24:6లో ఇవి జరగవలసి ఉన్నవి, అంతము వెంటనే రాదు అని ప్రభువే చెప్పాడు.

666. ప్రకటన గ్రంథంలో మృగం ముద్రగా చెప్పిన ఆ సంఖ్యను బార్‌కోడ్ అన్నారు, ఆధార్ అన్నారు, కోవిడ్ టీకా అన్నారు. ఆ భయంతో టీకా వేయించుకోని పెద్దవాళ్లు నాకు తెలుసు. ప్రకటన 13, 14 అధ్యాయాల్లో ఆ ముద్ర మృగాన్ని పూజించడంతో ముడిపడి ఉంది. తెలియక ఒంట్లోకి ఎక్కేది కాదు. అక్షరాలకు అంకెల విలువ ఇచ్చే హెబ్రీ లెక్కలో రోమా చక్రవర్తి నీరో కైసరు పేరు 666 అవుతుందని చాలామంది పండితులు చూపిస్తారు.

తేదీలు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు ప్రభువు వచ్చే రోజు 1844 అక్టోబర్ 22 అన్నారు. పొలంలో పంట కొయ్యకుండా వదిలేసినవాళ్లూ ఉన్నారు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తర్వాత అక్టోబరుకు మార్చాడు. థెస్సలొనీకలోనూ ఇదే గోల. ప్రభువు దినం వచ్చేసిందని కొందరు కంగారుపడితే, త్వరపడి చంచలమనస్కులు కావద్దని పౌలు రెండో పత్రికలో రాశాడు. పని మానేసి తిరిగేవాళ్లను పని చేసుకుని సొంత ఆహారం తినమన్నాడు.

"రాత్రివేళ దొంగ" అనే మాట అడుగుతారని తెలుసు. ప్రభువు దినం రాత్రివేళ దొంగలా వస్తుందని చెప్పే 1 థెస్స 5:2 తర్వాత 5:4 కూడా చదవండి, ఆ దినం దొంగలా మీమీదికి రావడానికి మీరు చీకట్లో లేరు అని ఉంది.

దానియేలు 9లో డెబ్బై వారాలు, ఏడేళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈ వీడియోలో పట్టదు, వచ్చేదాంట్లో చెప్తాను. ఈలోగా మీ పాస్టరుగారి బోధ దీనికి వేరుగా ఉంటే వాదన పెట్టుకోకండి. ఏ వచనం మీద నిలబడి చెబుతున్నారో అడిగి నాకు రాయండి, అదీ కలిపి చదువుదాం. వందనాలు.