టక్కుమనని స్విచ్చు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. ఆ శాలువా మడిచి పక్కన పెట్టండి, ఈ ఉక్కలో దాన్ని కప్పుకుని మాట్లాడలేను. ఎదురుగా ఉన్నవాళ్లలో సగం మంది నా దగ్గర వైరింగు నేర్చుకున్నవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

కారు హెడ్‌లైట్ రిలే, అంటే చిన్న కరెంటుతో టక్కుమని కదిలి పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, దాన్ని తీసి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు పెట్టడం గురించి చెప్పమన్నారు. రెండు 55 వాట్ల బల్బులు కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. వెలిగే క్షణంలో ఫిలమెంటు చల్లగా ఉంటుంది కనుక అంతకు ఎన్నో రెట్లు. ఆ దెబ్బ రోజూ తినేది రిలే కాంటాక్టులు, లోపల కలిసి విడిపోయే లోహపు ముక్కలు. నల్లబడతాయి, కాలుతాయి. బల్బుకు చేరే వోల్టేజీ 13 నుంచి 12కి పడితే వెలుగులో దాదాపు నాలుగో వంతు పోతుంది. యజమాని వచ్చి బల్బు మార్చమంటాడు. మారుస్తాం. డబ్బు తీసుకుంటాం. ఔనా, కాదా?

నవ్వకండి. నేనూ అలా మార్చినవాణ్ణే. ఒక పాత కారుకు రెండుసార్లు బల్బులు మార్చాను, రిలే ముట్టుకోలేదు. తర్వాత అదే కారులో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటాక రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. వెనక లారీ. డ్రైవరు బండిని పక్కకు ఎలా లాగాడో ఇప్పటికీ నాకు తెలియదు. వెనక సీట్లో యజమాని తల్లి ఒక్క మాట కూడా అనలేదు. ఫోను వెలుగులో హారన్ రిలే పీకి హెడ్‌లైట్ రిలే స్థానంలో గుచ్చాను. లైట్లు వచ్చాయి, హారన్ లేదు. అలాగే ఇల్లు చేరాం. మర్నాడు పాత రిలే మూత ఊడదీస్తే కాంటాక్టు బొగ్గు. రెండు లైట్లకూ అది ఒక్కటే దారి!

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. అయిపోతోంది సార్.

మాస్‌ఫెట్‌లో కదిలేది లేదు, కాలే కాంటాక్టు లేదు. నిరోధం 5 మిల్లీఓములైతే 9 ఆంపియర్లకు పుట్టే వేడి అర వాటు లోపే. రిలేను కదిలించే తీగచుట్ట, కాయిల్, ఒక్కటే ఊరికే 2 వాట్ల దాకా తింటుంది. అయితే కంపెనీవాళ్లు కాగితం మీద రాయని సంగతి వినండి. మాస్‌ఫెట్ చెడితే ఎక్కువగా షార్ట్ అయి, అంటే ఆన్‌లోనే ఉండిపోయి, చెడుతుంది. లైటు ఆరదు. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. నడిరోడ్డు చీకటికంటే అదే నయమంటాను. పాత రిలేకు కాయిల్ పిన్నులు, 85, 86, ఎటు కలిపినా పనిచేసేది చాలాసార్లు. దీనికి ప్లస్సు, మైనస్సు చూసి కలపాలి. ఎల్‌ఈడీ బల్బులైతే ఆపేశాక కూడా మిణుకుమనవచ్చు, భయపడి వైరింగంతా విప్పకండి.

అసలు నా పట్టుదల వేరు. రిలే పెట్టండి, మాస్‌ఫెట్ పెట్టండి, మీ ఇష్టం. కుడి లైటుకు ఒకటి, ఎడమ లైటుకు ఒకటి, ఫ్యూజులు కూడా వేరు. యజమాని ఖర్చు ఎక్కువంటాడు. సూర్యాపేట సంగతి చెప్పండి. నా పేరు చెప్పినా ఫరవాలేదు.

ఇదిగో, ఈ చెక్క మీద అలాగే రెండు లైట్లు బిగించి తెచ్చాను. వెనక వరుసలో తమ్ముడు, నువ్వే, రా. ఎడమ ఫ్యూజు పీకు. ముందు ఎవరైనా హాలు దీపాలు ఆర్పండి.