దుబాసీలకు ఇచ్చిన మాట

అందరికీ నమస్కారం.

వీసా కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గ్రీన్ కార్డు కోసం మనవాళ్లు ఏళ్లకేళ్లు కాచుకుని ఉన్నారు. అయితే మన ఫైలు ఆలస్యమైందని ఎవరూ తుపాకీ పట్టుకుని ఇంటికి రారు. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి దుబాసీలుగా, డ్రైవర్లుగా పనిచేసినవాళ్లకు ఆ భయం రోజూ ఉంది.

వాళ్ల కోసమే 2009లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేక వలస వీసా పెట్టింది. మంచి చట్టమే. చిక్కంతా కాగితాల్లో ఉంది. పనిచేసినట్టు సంస్థ ఇచ్చిన పత్రం కావాలి, పైఅధికారి సిఫార్సు లేఖ కావాలి. ఆ అధికారి ఎప్పుడో స్వదేశానికి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు కంపెనీ మూతపడి ఉంటే పత్రం ఎవరిస్తారు? 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కాక, సోదాలకు భయపడి ఎంతోమంది తమ పత్రాలు తామే తగలబెట్టుకున్నారు. ఇంట్లో దొరికితే ప్రాణం తీసే కాగితమే వీసాకు ఆధారం! ప్రభుత్వం తన వంతు పని తొమ్మిది నెలల్లో పూర్తిచేయాలని చట్టంలో ఉన్నా, చాలామందికి ఏళ్లు పట్టింది.

2021లో 8,000 వీసాలు పెంచారు, రెండేళ్ల సర్వీసు నిబంధనను ఏడాదికి తగ్గించారు. 2024 మార్చిలో ఇంకో 12,000 కలిపి, కొత్త దరఖాస్తులకు 2025 డిసెంబరు 31 గడువు పెట్టారు. ప్రమాదానికి గడువు లేనప్పుడు దరఖాస్తుకు ఎందుకుండాలి?

విమానాల్లో ఇక్కడికి తెచ్చిన 76,000 మందికి పైగా అఫ్ఘాన్లలో చాలామందికి దక్కింది రెండేళ్ల తాత్కాలిక అనుమతి మాత్రమే. వాళ్లకు శాశ్వత నివాసం ఇచ్చే బిల్లు 2022లో మొదటిసారి వచ్చింది, ఆ తర్వాత మళ్లీ వచ్చింది, ఇంకా చట్టం కాలేదు. 1975లో వియత్నాం నుంచి వచ్చినవాళ్లకు రెండేళ్లు తిరిగేసరికి, 1977లోనే, చట్టం చేసి గ్రీన్ కార్డు దారి చూపిన దేశమిది. భద్రతా తనిఖీల గురించి కొందరికి బెంగ ఉంది. అది న్యాయమైనదే. అందుకే ఆ బిల్లులో అదనపు తనిఖీ, ముఖాముఖి ఇంటర్వ్యూ కూడా పెట్టారు.

మనలో ఓటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సోమవారం మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు, మీ ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకు ఫోన్ చేయండి. పేరు, జిప్ కోడ్ చెప్పి, వీసాల సంఖ్య పెంచమని, గడువు ఎత్తేయమని, ఆ బిల్లుకు ఓటేయమని అడగండి. మన గ్రీన్ కార్డుల గురించి కూడా అడగండి, తప్పు లేదు. కానీ ముందు వాళ్ల సంగతి అడగండి.