హేలంగ్ రాయి

నమస్కారమండీ. నేను పోస్ట్‌డాక్ చేస్తున్నానని చెప్పినప్పుడు మా బంధువుల్లో సగం మంది పోస్టాఫీసులో ఉద్యోగం అనుకున్నారు, మిగతా సగం "ఇంకా చదువేనా?" అన్నారు. పీహెచ్‌డీ అయిపోయి, పర్మనెంట్ ఉద్యోగం ఇంకా రాక, మధ్యలో రెండు మూడేళ్ళు కాంట్రాక్టు మీద ఒక ల్యాబులో చేసే పరిశోధన అది. డబ్బులు నెలనెలా రావాలి గాని నాలుగు నెలలవి ఒకేసారి పడతాయి, అదీ పడితే. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

నా పని కొండలతో. ఏ రాతి పొర ఏ పొర మీదికి ఎక్కింది, ఎటు నుంచి ఎటు జరిగింది, ఎంత లోతులో ఎంత కాగింది, ఇవి చూడటం. దానికోసం ఉత్తరాఖండ్ వెళ్తానంటే మా అమ్మ, "ఏటే, ఆ రాళ్ళేవో మన వైజాగ్‌లో లేవేటి?" అంది. అప్పుడు నవ్వేశాను.

చార్‌ధామ్ వెళ్ళినవాళ్ళకి ఆ దారి తెలిసే ఉంటుంది. అలకనంద పక్కన బద్రీనాథ్ రోడ్డు మీద, జోషీమఠ్‌కి కాస్త ముందు హేలంగ్ అని చిన్న ఊరు వస్తుంది. బస్సులో నిద్రపోతూ దాటేసే ఊరే, కానీ హిమాలయాల్లో ముఖ్యమైన పగుళ్ళలో ఒకటి అక్కడే రోడ్డును దాటుతుంది. 1936లో ఆర్నాల్డ్ హైమ్, ఆగస్టో గాన్సర్ అనే స్విస్ జియాలజిస్టులు ఈ కొండల్లో తిరిగి, తర్వాత దానికి మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అని పేరు పెట్టారు. గాన్సర్ యాత్రికుడి వేషం వేసుకుని టిబెట్‌లోకి దూరి కైలాసం చుట్టూ తిరిగొచ్చిన మనిషి. మాకు ఇప్పుడు రెండు పర్మిషన్లు తేవడానికే ప్రాణం పోతుంది.

హేలంగ్ నుంచి పైకి వెళ్తుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. భూమిలో లోతుకు పోయేకొద్దీ వేడి పెరగాలి కదా, అంటే కింది రాయి బాగా కాగినదై ఉండాలి, పైది తక్కువ కాగినదై ఉండాలి. అక్కడ తిరగబడింది. కింద పెద్దగా కాగని రాళ్ళు, పైకి వెళ్ళేకొద్దీ గార్నెట్, తర్వాత నీలంగా కయనైట్, బద్రీనాథ్ వైపు పోతే తెల్లటి సూదుల్లాంటి సిలిమనైట్. ఇవన్నీ రాయి ఎంత వేడి చూసిందో చెప్పే ఖనిజాలు. పెనం మీద అట్టు కింది వైపు మామూలుగానే ఉండి పైవైపు మాడిందంటే మీరు నమ్ముతారా? ఆ కొండ అచ్చం అలాగే ఉంది.

లోతున కాగిన రాళ్ళు చల్లటి రాళ్ళ మీదికి ఎక్కి కూర్చున్నాయి, అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఎలా ఎక్కాయన్న దగ్గరే తగువు. టిబెట్ కింద భూమి పొర దాదాపు 70 కిలోమీటర్ల మందం, దాని నడిమి భాగం కాగి మెత్తబడి, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు దక్షిణానికి బయటికి వచ్చిందని ఒక పక్షం. అలాంటిదేం లేదు, రాతి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాయంతే అని ఇంకో పక్షం. గొట్టం కథ నిజమైతే, సుమారు రెండు కోట్ల ఏళ్ళ కిందట హేలంగ్ దగ్గర పైపొర దక్షిణానికి జరుగుతున్న కాలంలోనే, బద్రీనాథ్‌కి ఎగువన ఉన్న పగులు మీద పైపొర ఉత్తరానికి జారుతూ ఉండాలి. అంటే మొత్తం తగువంతా దిక్కుల మీద, తేదీల మీద ఆధారపడింది.

అందుకే రాయి కొట్టే ముందే కంపాస్‌తో కొలిచి, అది కొండలో ఎటు తిరిగి ఉందో దాని మీదే మార్కర్‌తో బాణం గీస్తాం, ఎంత వాలి ఉందో రాస్తాం. ల్యాబులో ఆ రాయిని కోసి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే, గార్నెట్ లోపల చిన్న చిన్న గింజలు సుడి తిరిగి కనిపిస్తాయి. గార్నెట్ పెరుగుతూ ఉండగానే చుట్టూ ఉన్న రాయి సాగిందన్నమాట, ఆ సుడిని బట్టి ఎటు సాగిందో చెప్పొచ్చు. బాణం లేకపోతే మటుకు అది ఉత్త రాయి.

మొన్న మే నెలలో ఫీల్డ్ ముగించుకుని, ల్యాబుకి వెళ్ళే దారిలో నాలుగు రోజులు ఇంటికొచ్చాను, రెండు సంచుల రాళ్ళతో సహా. పొద్దున లేచేసరికి మా అమ్మ ఒక సంచి విప్పి, మట్టిగా ఉన్నాయని, రాళ్ళన్నీ స్టీలు పీచుతో తోమి డాబా మీద ఆరబెట్టింది. ఒక్క బాణం మిగల్లేదు. పద్నాలుగు శాంపిళ్ళు. నేను నోటికొచ్చినట్టు అరిచి, బండేసుకుని కైలాసగిరి ఎక్కేశాను.

రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట బండి ఆపాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఎర్రమట్టి రంగు రాయి. దాన్ని ఖోండలైట్ అంటారు, ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో పెట్టారు. వేలితో రాస్తే గార్నెట్ గింజలు తగులుతున్నాయి, పక్కనే సిలిమనైట్ సూదులు. బద్రీనాథ్ దాకా ఎక్కితే గాని దొరకని సిలిమనైట్ మా ఇంటికి పావుగంట దూరంలో ఉంది. మన బీచుల్లో ఇసుక అక్కడక్కడా ముదురు ఎరుపుగా మెరిసేది కూడా ఈ గార్నెట్ అరిగి కొట్టుకొచ్చినందువల్లే.

ఈ తూర్పు కనుమలు సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పటి అంటార్కిటికాలోని రాళ్ళతో కలిసి ఒకే పర్వతశ్రేణిగా ఉండేవి. పైన ఉన్నదంతా అరిగిపోయి, 25, 30 కిలోమీటర్ల లోతున ఉండాల్సిన అడుగు భాగం బయటపడింది. అనంతగిరి, పాడేరు వైపు కొన్ని రాళ్ళయితే 900 డిగ్రీలు దాటిన వేడి చూశాయి. టిబెట్ కింద ఇప్పుడేం జరుగుతోందో తవ్వి చూడలేం. అరకు ఘాట్ రోడ్డు పక్కన అలాంటిదే ఒక పాత అడుగు చేత్తో తడిమి చూడొచ్చు. రెండూ అచ్చంగా ఒకటి కావనుకోండి, ఇక్కడి రాయి అక్కడి దానికంటే చాలా ఎక్కువ కాగింది. కానీ పక్కపక్కన పెట్టి చూడాల్సినవే.

హిమాలయాలు లేచే పని మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దగ్గరున్న జీపీఎస్ స్టేషన్ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది, దానితోపాటు మనమూను. అందులో 2 సెంటీమీటర్ల దాకా హిమాలయాల దగ్గరే ఇరుక్కుంటుంది. అలా ఏళ్ళ తరబడి ఇరుక్కున్నదే 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపంగా ఒక్కసారిగా వదిలింది. నిమిషంలోపే ఖాట్మండు దాదాపు ఒక మీటరు పైకి లేచింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ డాబా మీద గుమ్మడికాయ వడియాలు పెట్టి ఉంది. గుడ్డ ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. ఈశాన్యం మూలన ఉన్నది హేలంగ్‌ది, గార్నెట్ వైపు పైకి పెట్టింది. "అది బాగుందే, మెరుస్తోంది, ఉంచెయ్" అంది. ఉంచేశాను. మిగతా పదమూడు కోసం మళ్ళీ అక్టోబర్‌లో వెళ్ళాలి.