శనగ కోత మిషను: కత్తి ఎంత ఎత్తులో పెట్టాలి?

అందరికీ నమస్కారమండీ. మనం నాగులుప్పలపాడు దగ్గర ఒక నల్లరేగడి చేలో ఉన్నాం. శనగ ఎండింది, కోత మిషను గట్టు దగ్గరికి వచ్చి ఆగింది. మిషనును చేలోకి దించకముందే నాతో పాటు ఒక చుట్టు నడవండి.

ఈ మొక్క చూడండి, జేజీ 11 రకం. కాయ ఎక్కడ మొదలైందో నా చెయ్యి పెట్టి చూపిస్తాను. నేలకు రెండు బెత్తెలు కూడా లేదు. వరి అయితే జానెడు పైన కోసినా పోయేది గడ్డే. ఇక్కడ నాలుగు వేళ్లు పైకి కోస్తే కింది కొమ్మ కాయలన్నీ చేలోనే మిగిలిపోతాయి. నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 శనగ రకం నిటారుగా పెరిగి, కాయ పైన కాస్తుంది కాబట్టి మిషను కోతకు అనువు. మన దగ్గర ఇంకా చాలామంది జేజీ 11నే వదల్లేదు.

సరే, కత్తి కిందికి దించుదామంటే నేల చదునుగా ఉండదు కదా. నిరుడు మా చేలో పాత బోదె పూడ్చిన చోట ఎడమ చక్రం దిగింది. కత్తి ఎడమ కొస మట్టిని గీరుకుంటూ పోయింది. మిషను గింజల ట్యాంకులోంచి దోసిలి నిండా తీసి చూస్తే గింజల మధ్య నల్ల బెడ్డలు. గింజ ఎంత ఉందో బెడ్డా అంతే ఉంటే జల్లెడ ఏం చేస్తుంది? మా అమ్మ, పిన్ని రెండు రోజులు చేటలు ముందేసుకుని ఏరారు. ఆ కష్టం చూశాకే ఈ వీడియో చేయాలనిపించింది.

పెద్ద మిషన్లలో కత్తి కింద సెన్సర్లు ఉంటాయి. నేల ఎత్తు తగలగానే హైడ్రాలిక్ దానంతటదే లేపుతుంది. మనకు అద్దెకు వచ్చే వాటిలో ఆ పని డ్రైవరు చెయ్యి చేయాలి. అందుకే ముందు రెండు వైపులా టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడమనండి. చదును చోట మిషను నిలబెట్టి, కత్తి రెండు కొసల కింద టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించాలి. కత్తి కింద నేలకు ఆనే బూట్లుంటే రెండూ ఒకే ఎత్తుకు బిగించాలి. గొర్రు తోలిన సాళ్ల వెంబడే నడిపించండి, అడ్డంగా పోతే ప్రతి సాలుకూ కత్తి ఎగురుతుంది. గుంట ఉన్నచోట వేగం తగ్గించమనండి. గంట లెక్కన బాడుగ పెరుగుతుందని భయపడతాం గానీ, చేలో పోయే గింజ ఎంతో లెక్క చూద్దాం.

మిషను పోయిన చోట మీటరు పొడవు, మీటరు వెడల్పు గీసి, రాలిన కాయలు వలిచి గింజలు లెక్కపెట్టండి. జేజీ 11 నూరు గింజలు సుమారు 22 గ్రాములు తూగుతాయి. చదరపు మీటరుకు 10 గింజలు దొరికితే ఎకరాకు 9 కిలోలు పోయినట్టు. 40 దొరికితే 36 కిలోలు. ఒక్కచోట చూసి వదిలేయకండి, నాలుగు చోట్ల చూడండి.

మధ్యాహ్నం ఎండకు కాయ చిట్లుతుంది. అందుకే మేం మంచు ఆరీ ఆరగానే మొదలుపెడుతున్నాం. బోదె పూడ్చిన చోట పుల్లకు ఎర్ర గుడ్డ కట్టి పాతాను. డ్రైవరన్న మిషను స్టార్ట్ చేశాడు. నేను కత్తికి దూరంగా, అన్నకు కనిపించేట్టు ఎడమ పక్కన నడుస్తాను. చెయ్యి ఎత్తితే లేపాలి, దించితే దించాలి. పదన్నా, పోదాం.