ఒక్కడి దగ్గర గండి పడితే పదమూడు మందీ మునుగుతారు

[స్క్రీన్: పై నుంచి చూస్తే మైదానం. 68 మీటర్ల వెడల్పున ఒక గీత. దాని మీద చుక్కలు.]

క్రికెట్‌లో బంతి సరిగ్గా ఆపలేనివాణ్ణి కెప్టెన్ ఫైన్ లెగ్‌కి పంపేసి ఊపిరి పీల్చుకుంటాడు. రగ్బీ లీగ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ బంతి ఎవరి మీదికి వెళ్లాలో నిర్ణయించేది ప్రత్యర్థి. ఎవరు మెత్తగా ఉన్నారో ఒకసారి కనిపెట్టారంటే, 80 నిమిషాలూ అక్కడే తవ్వుతారు.

ముందు ఒక మాట. మన దగ్గర రగ్బీ అనగానే చాలామందికి 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్, అందులో ఆడిన హైదరాబాద్ హీరోస్ గుర్తొస్తాయి. అది ఏడుగురు ఆడే సెవెన్స్, రగ్బీ యూనియన్ కుటుంబంలోది. పేరులో ‘లీగ్’ ఉంది కదా అని కలిపేయకండి. మనం చూడబోయేది 13 మంది ఆడే రగ్బీ లీగ్. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో వేరుకాపురం పెట్టిన ఆట. ఇవాళ సిడ్నీలో, బ్రిస్బేన్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో, పాపువా న్యూగినీలో దీనికి ప్రాణం పెడతారు. సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ వైపు ఉండే తెలుగువాళ్లకు పరమట్టా స్టేడియం దగ్గరే.

నియమాలు మనకు కావలసినంత వరకే చెప్పుకుందాం. బంతి పట్టుకున్నవాణ్ణి ఒడిసిపట్టి ఆపడాన్ని ట్యాకిల్ అంటారు. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్, దాన్ని ఒక సెట్ అంటారు. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్లది. అందుకే సాధారణంగా అయిదో ట్యాకిల్ అయ్యాక తన్నేస్తారు. ప్రతి ట్యాకిల్ తర్వాత పడ్డవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెడతాడు. దీన్ని ప్లే-ది-బాల్ అంటారు. ఆ సమయంలో డిఫెన్స్ 10 మీటర్లు వెనక్కి పోవాలి. బంతి ఎదురుగా ఇద్దరు మాత్రం ఉండొచ్చు, వాళ్లు మార్కర్లు. ప్రత్యర్థి గోల్ లైన్ అవతల బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై, 4 పాయింట్లు. తర్వాతి కిక్‌కి, అంటే కన్వర్షన్‌కి, 2.

[స్క్రీన్: 13 చుక్కల్లో ఒకటి వెనక్కి జరుగుతుంది, రెండు మధ్యలో నిలుస్తాయి. మిగిలినవి 10.]

ఇప్పుడు లెక్క చూడండి. 13 మందిలో ఫుల్‌బ్యాక్ వెనక, మార్కర్లు ఇద్దరు బంతి దగ్గర. గీత మీద మిగిలింది 10 మంది. 68 మీటర్లను పదిమందికి పంచితే తలా దాదాపు 7 మీటర్లు. నాలుగో, అయిదో ట్యాకిల్‌కి కిక్ వస్తుందని రెండు అంచుల్లో ఆడే వింగర్లిద్దరూ వెనక్కి జరుగుతారు. అప్పుడు ఎనిమిది మందికి తలా ఎనిమిదిన్నర. ఇందులో ఒకడు తన వాటా కాయలేడంటే పక్కవాళ్లు సర్దుకోవాలి. జట్టుకు దెబ్బ తగిలేది ఆ సర్దుబాటు దగ్గరే.

ఆ ఒకడు చాలాసార్లు హాఫ్‌బ్యాక్‌గానీ, ఫైవ్-ఎయిత్‌గానీ అయి ఉంటాడు. ఇద్దర్నీ కలిపి హాఫ్స్ అంటారు. వాళ్లను తీసుకునేది పాస్ కోసం, కిక్ కోసం, బుర్ర కోసం. 85 కిలోల మనిషి మీదికి 105 కిలోల సెకండ్ రోయర్, అంటే భారీ ఫార్వర్డ్, పరిగెత్తుకొస్తాడు. బంతి పోయిన ప్రతిసారీ మనిషిని మార్చేద్దామంటే ఎన్‌ఆర్‌ఎల్‌లో (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బులు ఆడే పెద్ద లీగ్) మ్యాచ్ మొత్తానికి 8 ఇంటర్‌చేంజ్‌లే. కాబట్టి దాడి చేసినవాడే కాయాలి.

[స్క్రీన్: ఎడమ అంచు దగ్గరికి జూమ్. టచ్‌లైన్ నుంచి లోపలికి 1, 2, 3, 4 అంకెలు.]

అంచున నిలబడ్డవాళ్లను టచ్‌లైన్ నుంచి లోపలికి లెక్కపెట్టండి. ఒకటి వింగర్, రెండు సెంటర్, మూడు హాఫ్, నాలుగు సెకండ్ రోయర్. మన బలహీనుడు మూడో నంబర్ అనుకుందాం.

మొదటి ట్యాకిల్. ప్రత్యర్థి సెకండ్ రోయర్ నేరుగా మూడో నంబర్ మీదికి వస్తాడు. మూడు తప్పించుకోలేదు, పట్టుకున్నాడు. స్కోరుకార్డులో అది మంచి ట్యాకిలే. కానీ వచ్చినవాడి ఊపు ఆగలేదు. మూడో నంబర్‌ని ఈడ్చుకుంటూ ఇంకో రెండు మీటర్లు పోయాడు. నాలుగో నంబర్ పరిగెత్తుకొచ్చి పడేయాల్సి వచ్చింది. మూడు, నాలుగు ఇద్దరూ ఇంకా నేల మీదే ఉన్నారు, బంతితో పడ్డవాడు మాత్రం పొట్టమీద పడి గబుక్కున లేచాడు.

రెండో ట్యాకిల్. బంతి త్వరగా వచ్చింది కాబట్టి డిఫెన్స్ 10 మీటర్లు ఇంకా పోలేదు, వెనక్కి నడుస్తూనే ఉంది. వెనక్కి నడిచేవాడు ముందుకొచ్చి గుద్దలేడు. ప్లే-ది-బాల్ వెనక నిలబడి బంతి అందుకునే డమ్మీ హాఫ్ దాన్ని తీసి మధ్యలోంచి తేలిగ్గా 12 మీటర్లు లాగేశాడు.

మూడో ట్యాకిల్. మళ్లీ ఎడమకే. [ఇక్కడ వీడియో ఆపండి. నాలుగో నంబర్ పాదాల చుట్టూ వలయం.] నాలుగు ఈసారి ముందే మూడుకు దగ్గరగా జరిగి నిలబడ్డాడు, సాయానికి. దాంతో నాలుగుకీ, మధ్యలో ఉన్న అయిదుకీ నడుమ సందు పెరిగింది. ప్రత్యర్థి ఒక రన్నర్‌ని ఆ సందులోకి పంపాడు. నాలుగు గతుక్కుమని లోపలికి తిరిగాడు. ఇప్పుడు మూడో నంబర్ ఒంటరి. అతని వైపు ఇంకో రన్నర్ దూసుకొస్తున్నాడు, వాడి వెనక ఫుల్‌బ్యాక్. బంతి రన్నర్‌కా, వెనక ఫుల్‌బ్యాక్‌కా? నమ్మకం లేనివాడు ఇక్కడే ఆగిపోతాడు. మూడు ఆగాడు, నడుము లోపలికి తిప్పాడు. బంతి వెనక నుంచి పోయింది. మూడు మీద నమ్మకం లేని సెంటర్ తన మనిషిని వదిలి లోపలికి దూకాడు. సెంటర్ వదిలిన మనిషి కోసం వింగర్ లోపలికి వచ్చాడు. టచ్‌లైన్ పక్కన ప్రత్యర్థి వింగర్ ఒక్కడే, ఎదురు ఎవరూ లేరు. ట్రై.

టీవీ రీప్లేలో తప్పు ఎవరిది? వింగర్‌ది! కెమెరా అతన్నే చూపిస్తుంది. మూడో నంబర్ ఖాతాలో మిస్ ట్యాకిల్ కూడా పడదు. అంకెలు మాత్రమే చూసి డిఫెండర్‌ని తూచేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

కబడ్డీ ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. చైన్‌లో ఒకడు భయపడి చేయి ముందే వదిలేస్తే, బలమైన పక్కవాడు కూడా నిలబడలేడు. రైడర్ దెబ్బ కొట్టేది ఆ పక్కవాడినే అయినా కారణం అతను కాదు.

ఇంకో నష్టం మెల్లగా జరుగుతుంది. ప్రతి పరుగులో ట్యాకిల్ అయ్యాక రెండు మీటర్లు ఎక్కువ ఇచ్చారనుకోండి. అయిదు పరుగులకు 10 మీటర్లు. ప్రత్యర్థి కిక్ 10 మీటర్లు ముందు నుంచి వస్తుంది, మీరు బంతి అందుకునేది మీ గోల్ లైన్‌కి 10 మీటర్లు దగ్గరగా. ఇది వరసగా నాలుగైదు సెట్లు జరిగితే, మీ జట్టు ఆడేదంతా సొంత సగంలోనే. పోనీ పడ్డవాణ్ణి కాసేపు నొక్కిపట్టి లేవనీయకుండా ఉంటే? ఎన్‌ఆర్‌ఎల్‌లో 2020 నుంచి అలాంటి తప్పులకు చాలావరకు ‘సిక్స్ అగైన్’ ఉంది. రిఫరీ చేయి ఊపితే ప్రత్యర్థికి మళ్లీ ఆరు ట్యాకిల్స్.

మ్యాచ్ ఎంత వేగంగా చేజారుతుందో 2023 ఎన్‌ఆర్‌ఎల్ గ్రాండ్ ఫైనల్ చెబుతుంది. బ్రిస్బేన్ 24–8తో ముందుంది. పెన్రిత్ మూడు ట్రైలు, మూడు కన్వర్షన్లు చేసింది. 18 పాయింట్లు. ఫలితం 26–24. అది ఒక్కరి వల్ల జరిగిందని అనడం లేదు. 16 పాయింట్ల ఆధిక్యం కరగడానికి గీత మూడుసార్లు తెగితే చాలునని మాత్రమే.

[స్క్రీన్: ఇద్దరు ఆటగాళ్లు, ఒక మీటరు దూరంలో, స్లో మోషన్.]

ఇక ఆ ఒక్క ట్యాకిల్‌ని దగ్గరగా చూద్దాం. సైజు సమస్యే, కానీ పెద్ద సమస్య పాదాలు. మంచి డిఫెండర్ చిన్న చిన్న అడుగులతో దగ్గరకొచ్చి, తగిలించే భుజం వైపు పాదాన్ని ఎదుటివాడి పాదాలకు పక్కగా వేస్తాడు. భుజం తగిలేది నడుముకీ పక్కటెముకలకీ మధ్య. తల వాడి శరీరానికి వెనకవైపు ఉండాలి, ముందు కాదు. చేతులు చుట్టాలి, తగిలిన తర్వాత కూడా కాళ్లు కదులుతూనే ఉండాలి.

బలహీనుడు ఏం చేస్తాడంటే, రెండు మీటర్ల ముందే పాదాలు నాటేస్తాడు. దూరం మిగిలిపోతుంది కాబట్టి చేతులు చాస్తాడు. చాచిన చేతిని 105 కిలోలవాడు దులిపేసుకుంటాడు, లేదా చేయి ఖాళీగా ఉంది కాబట్టి పడుతూ పడుతూ పక్కవాడికి ఆఫ్‌లోడ్ ఇచ్చేస్తాడు. కళ్లు మూసి తల దించితే తల తప్పు వైపు పోతుంది, మోకాలో తుంటో తగిలి స్పృహ తప్పే ప్రమాదం. ఆలస్యమై చేయి పైకి పోతే మెడ మీద పడుతుంది. అప్పుడు పెనాల్టీ. దెబ్బ తీవ్రమైతే సిన్ బిన్, అంటే అతను బయటికి పోతాడు, 10 నిమిషాలు జట్టు 12 మందితో ఆడాలి.

బాగుచేయడానికి జిమ్‌లో బరువులు ఒక్కటే దారి కాదు. అయిదు మీటర్ల చదరంలో, మొదట నడక వేగంతో, పాదం ఎక్కడ పడుతోందో చూస్తూ రెండు భుజాలతోనూ చేయించాలి. పాదం కుదిరాకే వేగం. తర్వాత ముగ్గురు దాడి, ఇద్దరు కాపు. అక్కడ నేర్పేది ట్యాకిల్ కాదు, నిర్ణయం.

ఈలోగా కోచ్‌లు అతన్ని దాచడానికి చూస్తారు. పక్కన అందరికంటే గట్టి సెకండ్ రోయర్‌ని పెడతారు. లేదంటే కాపులో వింగ్‌కో, వెనకకో పంపి ఇంకొకర్ని మూడో స్థానానికి తెస్తారు. ఇది కాగితం మీద బాగుంటుంది. కానీ బంతి హఠాత్తుగా చేజారినప్పుడు మనుషులు తమ తమ చోట్లకి మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తెలివైన జట్టు ఆ సెకన్లలోనే ఆడేస్తుంది. వింగ్‌లో దాస్తే ఎత్తైన కిక్ అతని నెత్తిమీదే వేస్తారు.

దీని దెబ్బ దాడి మీద కూడా పడుతుంది. ఎక్కువగా డమ్మీ హాఫ్‌గా ఆడే హుకర్లకు మ్యాచ్‌లో 40 ట్యాకిల్స్ మామూలే, వాళ్ల ఒళ్లు అందుకు అలవాటుపడి ఉంటుంది. హాఫ్‌తో 30 చేయించారంటే, 70వ నిమిషంలో అతని కిక్ ఇవతలే పడుతుంది. కొన్ని జట్లు అతని మీదికి మనుషుల్ని పంపేది గండి కోసం కాదు, ఆ కాళ్లను అలసగొట్టడానికే.

[స్క్రీన్: గోల్ పోస్టుల వెనక నుంచి మైదానం.]

మీరు స్టేడియంకి వెళ్తే ఒక సగం గోల్ పోస్టుల వెనక కూర్చోండి. టీవీలో పక్క నుంచి చూస్తే సందులు కనపడవు, ఇక్కడ దువ్వెన పళ్లలా కనపడతాయి. టచ్‌లైన్ నుంచి నాలుగు లెక్కపెట్టి, మూడోవాణ్ణి వదిలేసి నాలుగోవాడి పాదాలు చూడండి. బంతి ఇటు రాకముందే, ప్రతి ప్లే-ది-బాల్‌కీ అతను ఒక అడుగు బయటికి వేస్తున్నాడంటే, ప్రత్యర్థి హాఫ్‌బ్యాక్ కూడా అదే చూస్తున్నాడు.